చెమట పట్టే బొమ్మ: చెన్నై సాలిగ్రామంలోని మేడ గదిలో ఒక ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్

నిడివి ఇరవై నిమిషాలు మించని సినిమా. పాత మహాబలిపురం రోడ్డు పక్కన ఎత్తైన అపార్ట్‌మెంటు, అందులో ఒంటరిగా ఉంటున్న ఒక తెలుగు ఇంజనీరు, అతని దగ్గరికి నెలవారీ అద్దెకు వచ్చిన యంత్రస్త్రీ. అతను చెప్పింది శ్రద్ధగా వినడం, వేళకు నవ్వడం, అప్పుడప్పుడు అలిగినట్టు కనిపించడం ఆమె ఉద్యోగం. కొన్నాళ్ళకు ఆమెలో ఒక కోరిక పుడుతుంది. అతని మీద కాదు, స్వేచ్ఛ మీదా కాదు. తనకు చెమట పట్టాలని. కరెంటు పోయిన రాత్రి అతను తువ్వాలుతో మెడ తుడుచుకుంటుంటే ఆమె ఆ తువ్వాలు వంకే చూస్తుంది. అక్కడి నుంచి కథ దారి తప్పుతుంది.

దర్శకుడు ఈ మాట చెప్పగానే ఒప్పుకున్నాను. చెన్నైలో చెమట కావాలని కోరుకునే ప్రాణి ఉందంటే, అది మనిషి కాదని ఏ ప్రేక్షకుడైనా వేరే రుజువు అడగకుండా నమ్ముతాడు.

నా వంతు పని ఆ చెమట పట్టించడం. వస్తువులు తయారుచేసేదాన్ని నేను. కత్తులు, కిరీటాలు, తెగిన తలలు చేసి పెట్టాను గానీ కోరికను చేసి పెట్టమని ఎవరూ ఇంతవరకు అడగలేదు.

మొదట తేల్చుకున్నది ఏమిటంటే, బొమ్మ మొత్తం చేయకూడదు. దర్శకుడికి నిలువెత్తు సిలికాన్ విగ్రహం మీద మోజు. నేను కిటికీలోంచి వడపళని వైపు చూపించాను. ఇప్పుడు ఆసుపత్రి, మాల్ ఉన్న ఆ నేల మీదే ఒకప్పటి విజయా వాహినీ స్టూడియో. 1957లో విడుదలైన ‘మాయాబజార్’లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి సావిత్రి ఏ తొడుగూ లేకుండా చూపించారు. భుజాల విసురు, నడక, చూపు, అంతే. చీర అదే, ముఖం అదే, లోపల ఉన్నది మాత్రం వేరొకరని పిల్లలకు కూడా తెలిసిపోతుంది. మన నటి నడవగలదు, కూర్చోగలదు, నవ్వగలదు. ఆమె ఒళ్ళు చేయలేనిది మాత్రమే నేను చేస్తానన్నాను. నుదురు నుంచి ముక్కు మొదలు దాకా ఒక ముక్క, మోచేతి కింది నుంచి వేళ్ళ దాకా ఇంకో ముక్క. దగ్గరి షాట్లకు అవి చాలు.

ఏం చేయాలో రాసుకోవడానికి నాకు దొరికిన మంచి పట్టిక భరతుడిది. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు (వణుకు), వైవర్ణ్యం (రంగు మారడం), అశ్రువు, ప్రళయం. మనసు కదిలితే ఒంటి మీద తేలే గుర్తులు. యంత్రం వైపు నుంచి చూస్తే ఈ పట్టిక తలకిందులవుతుంది. మనిషికి కష్టమైన స్తంభం యంత్రానికి పుట్టుకతో వచ్చిన విద్య. కదలకుండా ఉండటం దాని సహజ స్థితి. ప్రళయం, అంటే మూర్ఛ, ఒక స్విచ్చు. స్వరభేదం డబ్బింగు గదిలో చూసుకుంటారు. కన్నీటి గొట్టం పాత విద్యే. మిగిలిన నాలుగూ నా మెడకు చుట్టుకున్నాయి.

మే, అగ్నికర్తరి రోజులు

నటి ముఖం అచ్చు తీశాం. దంతవైద్యులు పళ్ళ అచ్చుకు వాడే ఆల్జినేట్ పొడి. నీళ్ళు వెచ్చగా ఉన్నకొద్దీ అది తొందరగా గట్టిపడుతుంది. ఇక్కడ మే నెలలో మధ్యాహ్నం కుళాయి తిప్పితే వచ్చేవి వేణ్ణీళ్ళే. ఐసు ముక్కలు వేసిన నీళ్ళతో కలిపి, ముక్కుపుటాలు వదిలేసి, ముఖం నిండా పూసి, పైన ప్లాస్టర్ కట్లు వేశాం. నటి ఓపిక గొప్పది. తీసిన తర్వాత, “లోపల ఎంత చల్లగా ఉందో, ఇంకాసేపు ఉంచకపోయారా అక్కా” అంది.

ఆ అచ్చులో ప్లాస్టర్ ముఖం పోసి, దాని మీద మట్టితో చర్మం చెక్కాలి. ఇక్కడ మట్టి ఎంపిక ముఖ్యం. గంధకం కలిసిన మోడలింగ్ మట్టి ప్లాటినం రకం సిలికాన్‌కు విషం. తగిలిన మేర సిలికాన్ ఎప్పటికీ గట్టిపడదు, జిగురుగా మిగిలిపోతుంది. రబ్బరు తొడుగులదీ అదే గుణం. చెవి పక్కన బొటనవేలంత మేర పోత ఆరకపోతే కారణం వెతుక్కుంటూ వెళ్ళి సహాయకుడి చేతుల దగ్గర ఆగాం. మామూలు రబ్బరు తొడుగులు. నైట్రైల్ తొడుగులు తెప్పించాక మళ్ళీ ఆ మచ్చ రాలేదు.

ఎండ సంగతి వేరే చెప్పాలి. సిలికాన్ రెండు సీసాలుగా వస్తుంది; సమపాళ్ళలో కలిపిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. డబ్బా మీద రాసే సమయం 23 డిగ్రీల గదికి. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ సమయం సుమారు సగమవుతుంది. రేకుల కప్పు కింద మా గదిలో మధ్యాహ్నం కలిపితే గరిటె గిన్నెలోనే నిలబడేది. అందుకని రెండు సీసాలనూ ముందురోజు ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లవారుజామున పోయడం అలవాటు చేసుకున్నాం. పాలవాడి సైకిలు గంట మోగే వేళకు పోత పూర్తయి, గాలిబుడగలు లాగే వాక్యూమ్ పంపు కూడా ఆగిపోయి ఉండేది. కింది వాటా వాళ్ళు ఇంటాయనకు ఫిర్యాదు చేశారని తర్వాత తెలిసింది. వాళ్ళు పంపు చప్పుడును పిండి మర అనుకున్నారట.

రంగు గురించి ఒక్క మాట. చర్మం రంగును పైన పూస్తే బొమ్మ చచ్చిపోతుంది. సిలికాన్‌లోనే కొద్దిగా రంగు కలిపి, పలచగా, వెలుతురు లోపలికి దిగేలా ఉంచాలి. ఎరుపు, నీలం నూలు పొడి చిటికెడు చల్లితే చర్మం కింద నెత్తురు తిరుగుతున్న భ్రమ వస్తుంది. దర్శకుడు మచ్చలేని ముఖం కావాలన్నాడు, అద్దెకిచ్చే కంపెనీ అలాగే తయారు చేస్తుంది గదా అని. నేను రంధ్రాలు, ఒక పాత మొటిమ గుంట ఉంచాను. కంపెనీ వాళ్ళు తెలివైన వాళ్ళయితే వాళ్ళూ ఉంచుతారు.

జూన్

అసలు పని. మనిషి ఒంటి మీద ఇరవై నుంచి నలభై లక్షల దాకా స్వేద గ్రంథులు ఉంటాయి. నాకు నుదుటి మీద రెండు వందల రంధ్రాలు చాలు. సూదితో గుచ్చితే సిలికాన్ వెంటనే మూసుకుంటుంది. సాగే గుణమే దాని గొప్ప, అదే మనకు తంటా.

దారి కాశిమేడులో దొరికింది. చేపల రేవు పక్కన వలలు, గాలాలు అమ్మే దుకాణాల్లో 0.3 మిల్లీమీటర్ల నైలాన్ దారం చుట్టలుగా ఉంటుంది. సిలికాన్ దానికి అంటుకోదు. లోపలి ప్లాస్టర్ దిమ్మకు సన్నని బెజ్జాలు వేసి, ఒక్కొక్క దాంట్లో దారం ముక్క గుచ్చి, అచ్చు లోపలి గోడను తాకేలా నిలబెట్టి, చుట్టూ సిలికాన్ పోశాం. ఆరాక వెనక నుంచి ఒక్కొక్కటే లాగేస్తే రెండు వందల సన్నని సొరంగాలు మిగిలాయి. వెనక ఒక పలచని గూడు, దానికి ఒక గొట్టం.

నీళ్ళు పంపడానికి చిన్న మోటారు పంపు పెట్టి చూస్తే చెమట పాటకు తాళం వేసినట్టు ఆగి ఆగి వచ్చింది. దాన్ని తీసేసి మందుల దుకాణం నుంచి సెలైన్ సెట్ తెచ్చి కొక్కేనికి వేలాడదీశాను. సంచి ఎంత ఎత్తులో ఉంటే అంత ఒత్తిడి, చక్రం తిప్పితే ధార తగ్గుతుంది, చప్పుడు లేదు. సంచిని నుదుటికి బెత్తెడు ఎత్తులో కడితే ఏమీ రాలేదు. అంత సన్నని కన్నంలో నీటి తలతన్యత ఒక మూతలా పనిచేస్తుంది. ఆ మూత తెరవడానికి దాదాపు పది సెంటీమీటర్ల నీటి ఒత్తిడి కావాలి. జానెడు దాటించగానే నుదుటి మీద అక్కడొకటి ఇక్కడొకటి తళుక్కుమన్నాయి.

తళుక్కుమన్నాయి గానీ అది చెమట కాదు. సిలికాన్‌కు నీళ్ళంటే పడదు, బొట్లు గుండ్రంగా పూసల్లా నిలబడి జారిపోయాయి. నిజమైన చెమట మొదట చర్మాన్ని తడిపి నూనెరాసినట్టు మెరుస్తుంది. ఆ తర్వాత బొట్లు కడతాయి. రెండు బొట్లు కలిసి బరువెక్కి, కనుబొమ దగ్గర ఒక్క క్షణం ఆగి, అప్పుడు దిగుతాయి. ఆ వరుస రావాలి. నీళ్ళలో గ్లిజరిన్ కలపడం మేకప్ వాళ్ళందరికీ తెలిసిందే. దానికి పసిపిల్లల షాంపూ ఒక్క చుక్క చేర్చి, చర్మం మీద ముందుగా పలచగా పౌడరు అద్దాను. షాంపూ రెండు చుక్కలైతే బొట్టు కట్టదు, ముఖం కడుక్కున్నట్టు ఉంటుంది. ఈ ఒక్క చుక్క దగ్గరే నెల గడిచింది. నాకు చాలా నచ్చిన నెల అది.

జూలై

కనుబొమలు. కోడంబాక్కంలో ఒక పెద్దాయన విగ్గులు కడతారు, తెనాలి దగ్గరి వారు. మద్రాసులో తెలుగు సినిమాలు తీసిన రోజుల్లో వచ్చి ఇక్కడే ఉండిపోయారు. సిలికాన్‌లో వెంట్రుక నాటడానికి సూది కన్నాన్ని సగం తుంచి పంగలా చేసి, ఒక్కొక్క వెంట్రుకనూ ఆ పంగతో లోపలికి నెడతారు. వెంట్రుక వంపు ఏ దిక్కుకో చూసి నాటాలి. ఆయన పని చూస్తుంటే కాలం తెలియదు.

“రెండు కనుబొమలూ ఒకేలా నాటుతున్నావేమిటి అమ్మాయీ? బొమ్మ అయిపోతుంది.”

“బొమ్మే కదా బాబాయ్ గారూ.”

“ఆ సంగతి నీకు తెలుసు. దానికి తెలియకూడదు.”

ఆ మాట మా దర్శకుడికి చెప్పలేదు. చెబితే సంభాషణల్లో పెట్టేస్తాడు. వెంట్రుకలు తిరుమలవి. దేవస్థానం తలనీలాలను పొడవును బట్టి వేరుచేసి ఈ-వేలంలో అమ్ముతుంది, అక్కడి నుంచి చేతులు మారి ఈ ఊరి విగ్గుల పనివాళ్ళకూ చేరతాయి. కోరిక తీరినందుకు ఎవరో మొక్కు చెల్లించిన వెంట్రుక, కోరిక తీరని యంత్రానికి కనుబొమ అయింది.

భరతుడి పట్టికలో లేని గుర్తు ఒకటుంది: కంటి పాప. ఇష్టమైనది చూస్తే పాప విప్పారుతుందని హెస్, పోల్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1960లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. పాడైన పాత కెమెరా లెన్సు నుంచి అపర్చర్ రేకులు తీసి ఒక కన్ను చేశాను. పాప ఆరు పలకలుగా తెరుచుకుంది. అందంగానే ఉంది, కానీ ఆ షాట్‌లో ఆమె కంటే నా పనితనం ఎక్కువ కనబడుతోందని పక్కన పెట్టేశాం.

ఆగస్టు

రోమాంచం. చేతి ముక్కకు పలచని చర్మం పోసి, కింద గట్టి పలక మీద గింజలు అతికించి, రెండింటి నడుమ గాలిని పెద్ద సిరంజితో లాగేయడం ఉపాయం. గాలి పోగానే చర్మం పలకకు అతుక్కుని గింజల మేర పైకి లేస్తుంది. ఆవాలతో చేస్తే అమ్మవారు పోసినట్టు వచ్చింది. గసగసాలు సరిగ్గా సరిపోయాయి, అవీ వత్తుగా కాకుండా అక్కడక్కడ. సిరంజి పిడి మెల్లగా లాగుతుంటే మణికట్టు నుంచి మోచేతి వైపు గగుర్పాటు పాకుతుంది. మా అమ్మ చూసి చీర కొంగుతో తన చేతులు కప్పుకుంది.

సెప్టెంబరు

వేపథువు. వేళ్ళను అదే గాలపు దారంతో లాగాలి, దారాన్ని సర్వో మోటార్లు, అంటే చెప్పిన కోణం దాకా తిరిగి ఆగే చిన్న మోటార్లు, లాగాలి. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 11వ శతాబ్దంలో ధారానగరాన్ని ఏలిన భోజుడి ‘సమరాంగణ సూత్రధారం’లో యంత్రాలకు ఒక అధ్యాయమే ఉంది: కొయ్య అవయవాలు, చీలలతో బిగించిన కీళ్ళు, పైన తోలు, కన్నాల గుండా నడిచే దారాలు. ఆ బొమ్మలు తాంబూలం అందిస్తాయి, నీళ్ళు చల్లుతాయి, నమస్కరిస్తాయి. తెరచాటున సూత్రం లాగే మనిషి స్థానంలో నాకు రిచీ స్ట్రీట్‌లో కొన్న చిన్న సర్క్యూట్ బోర్డు ఉంది.

తొమ్మిది గ్రాముల చవక సర్వోలు కంప్యూటర్ యూఎస్‌బీ కరెంటుతో నడిపితే వాటంతట అవే వణికాయి. అన్నీ ఒకేసారి లాగినప్పుడు వోల్టేజీ పడిపోతుంది, అవి తామెక్కడున్నాయో తెలియక ముందుకీ వెనక్కీ కొట్టుకుంటాయి. దర్శకుడు చప్పట్లు కొట్టాడు, ఇదే కావాలన్నాడు. కావచ్చు గానీ, ఆ వణుకు దానిష్టం వచ్చినప్పుడు వస్తుంది, మన షాట్ వచ్చినప్పుడు కాదు. ఐదు వోల్టుల విడి సప్లయి, పెద్ద కెపాసిటర్ పెట్టి వణుకు మాన్పించాను. ఆ తర్వాత ప్రోగ్రాములో కావలసినంత వణుకు మళ్ళీ రాశాను. చిటికెనవేలుకు తక్కిన వాటికంటే కాస్త ముందుగా.

వైవర్ణ్యం సులువు. చెంప వెనక చిన్న ఎర్ర దీపాలు, పలచని సిలికాన్, మెల్లగా వెలుగు పెంచడం. ఒక్క సాయంత్రంలో అయిపోయింది, అందుకేనేమో నాకు దాని మీద గౌరవం కలగలేదు.

అక్టోబరు

పరీక్ష చిత్రీకరణ. నుదుటికి వెనక నుంచి ఒక దీపం, పక్క నుంచి ఒకటి, మాక్రో లెన్సు. కథ ప్రకారం ఇంజనీరు ఆమె చేయి పట్టుకుంటాడు. ఆమె చెంప ఎరుపెక్కుతుంది, చేతిపై గగుర్పాటు, వేళ్ళ వణుకు, నుదుట చెమట. నాలుగూ పనిచేశాయి, సమయానికి. తెర మీద చూస్తే అంగట్లో సరుకు చూపించినట్టుంది. జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే రాశాడు, మనిషిని పోలిన బొమ్మ కదిలితే దాని వల్ల కలిగే ఏవగింపు మరింత లోతవుతుందని. మాది ఏవగింపు కూడా కాదు. నమ్మకం కలగలేదు, అంతే.

కారణం మీద రెండు గంటలు వాదులాడుకున్నాం. దర్శకుడు లైటింగ్ అన్నాడు, కెమెరా చూసే అమ్మాయి వేగం అంది. నాకు కనబడింది వేరు. అతని ముందు ఎరుపెక్కడం, వణకడం ఆమె ఉద్యోగం. అద్దె అందుకే కడుతున్నాడు. అతను చూస్తుండగా ఏ గుర్తు తేలినా అది కోరిక కాదు, సేవ. తయారుచేసిన మనుషుల కథలు చాలావరకు ఇక్కడే కూరుకుపోతాయి; బొమ్మ ఎవరి కోసం పుట్టిందో వాళ్ళ కంటితోనే దాన్ని చూస్తాయి. రోబో అన్న మాటను లోకానికిచ్చిన చెక్ రచయిత చాపెక్ నాటకం (1920) అలా చేయలేదు. అందులో చివర ప్రేమించుకునేది రెండు రోబోలు, ఒకరి కోసం ఒకరు చావుకు సిద్ధపడతారు. మన ఆదిపర్వంలోనూ ఒక చిత్రం ఉంది. రాక్షస సోదరులు సుందోపసుందులను కలహపెట్టడానికి విశ్వకర్మ తిలోత్తమను తయారుచేస్తాడు, దేవతలంతా కళ్ళప్పగించి చూస్తారు. పని పూర్తయ్యాక బ్రహ్మ ఆమెకిచ్చిన వరం, ఎవరూ నిన్ను తేరిపార చూడలేరని. అంతసేపూ చూపులు భరించిన దానికి అది సరైన జీతం.

కాబట్టి అతను గదిలోంచి వెళ్ళిపోయాక చెమట పట్టాలి. తలుపు మూసిన చప్పుడు, ఫ్యాను, ఆమె అలాగే కూర్చుని ఉంటుంది. చాలాసేపు ఏమీ జరగదు. తర్వాత నుదుటి మీద మెరుపు. చెంప దీపాలు తీసేశాను. గసగసాల చేయి పెట్టెలో పెట్టాను. దాన్ని వదులుకోవడం కష్టంగానే ఉంది. వేళ్ళ వణుకు చిటికెనవేలికి మాత్రం మిగిలింది. అశ్రువు వద్దని దర్శకుడే అన్నాడు, ఆ ఒక్క విషయంలో ఇద్దరం మొదటి నుంచీ ఒకటే.

అలా మార్పు చేసి మళ్ళీ తీశాం. సెలైన్ చక్రం దగ్గర నేను నేల మీద పడుకున్నాను. సంచిని సరిగ్గా ఎప్పుడు పైకెత్తాలో నాకు ఎవరూ సైగ చేయకూడదని ముందే చెప్పాను. మెరుపు, బొట్లు, కుడి కనుబొమ దగ్గర ఒకటి ఆగింది. బాబాయ్ గారు వంకరగా నాటిన మూడు వెంట్రుకలు దాన్ని పట్టుకున్నాయి. కెమెరా అమ్మాయి ఫోకస్ మార్చలేదు, కట్ చెప్పాక కూడా.

నవంబరు

ఈశాన్య రుతుపవనాలు దిగాయి. సిలికాన్‌కు గాలిలో తేమతో పేచీ లేదు గానీ ప్లాస్టర్ దిమ్మ ఆరడం లేదు, రెండో నుదురు పోత వాయిదా పడింది. మొదటి దానికి ఎడమ కణత దగ్గర సొరంగాలు గ్లిజరిన్‌తో పూడుకున్నాయి. వేణ్ణీళ్ళు ఎక్కించి కడిగితే సగం తెరుచుకున్నాయి. సర్వోల చప్పుడు తలుపు మూసే సన్నివేశంలో వినబడుతోంది, ఆ మోటారును దూరంగా జరిపి దారం పొడవు పెంచాలి. ఆర్కాట్ రోడ్డు మీద మెట్రో పనుల మోత ఎలాగూ ఉంటుంది కాబట్టి మాటలన్నీ డబ్బింగులోనే.

సెలైన్ సెట్ల చక్రాలు జిడ్డుకు జారుతున్నాయి, కొత్తవి తెచ్చాను. మందుల దుకాణం ఆయన ఇన్నాళ్ళూ ఏమీ అడగలేదు, ఈసారి ఉండబట్టలేక పేషెంటుకు ఎలా ఉందమ్మా అన్నాడు. చెమటలు పడుతున్నాయండీ అన్నాను. “అయితే జ్వరం దిగినట్టే” అని చిల్లర చేతిలో పెట్టాడు.